హైలోకోమియం, ప్లూరోజియం: గుర్తుపట్టడం ఎలా?

స్వీడన్, ఫిన్లాండ్, కెనడాల్లోని శంఖాకార చెట్ల అడవుల్లో నేలంతా పరుచుకునే నాచులివి. రెండిటిదీ హిప్నేల్స్ క్రమమే, హైలోకోమియేసీ కుటుంబమే. కాండం కూడా రెండిటికీ ఎరుపే, కాబట్టి రంగును నమ్ముకోవద్దు.

హైలోకోమియం స్ప్లెండెన్స్‌లో ఏటా పాత రెమ్మ నడుమ నుంచి కొత్తది లేచి మెట్ల వరసలా పెరుగుతుంది. మెట్లు లెక్కపెడితే వయసు తెలిసిపోతుంది, ఎంత అద్భుతం! కాండం మీద సన్నటి పచ్చని పోగులుంటాయి. కొత్తగా నాచులు చూసేవాళ్లు దీనితోనే మొదలుపెట్టాలి. నీడ, తేమ ఉన్న స్ప్రూస్ అడవి దీనికి బాగా నప్పుతుంది.

ప్లూరోజియం ష్రెబెరికి మెట్లూ లేవు, పోగులూ లేవు. కాస్త పొడిగా ఉండే ఆమ్ల నేలల్లో, పైన్ చెట్ల కింద కూడా హాయిగా బతుకుతుంది. దాని ఆకుల్లో చేరే సయనోబాక్టీరియా గాలిలోని నత్రజనిని పట్టి ఇస్తుందని 2002లో తేలింది. ఇలాంటి బాక్టీరియా హైలోకోమియం మీదా కనిపిస్తుంది.