తనను తాను గీసుకునే చెయ్యి: ఎషర్, స్టైన్‌బర్గ్

కళ జీవితాన్ని గీస్తుందా, జీవితమే కళను గీస్తుందా అన్న ప్రశ్నను 1948లో ఇద్దరు చిత్రకారులు వేర్వేరుగా కాగితం మీద పెట్టారు. నెదర్లాండ్స్‌కు చెందిన ఎం.సి. ఎషర్ లితోగ్రాఫ్‌లో (రాతి పలక మీద గీసి అచ్చు తీసే చిత్రం) రెండు చేతులు ఒకదాన్నొకటి గీస్తుంటాయి. రుమేనియాలో పుట్టి, మిలాన్‌లో వాస్తుశిల్పం చదివి, అమెరికాలో స్థిరపడిన సాల్ స్టైన్‌బర్గ్ సిరా చిత్రంలో కలం పట్టిన మనిషి తన రూపాన్ని తానే గీసుకుంటాడు.

ఎషర్ బలమంతా భ్రాంతిలో ఉంది. వట్టి గీతలుగా, చదునుగా ఉన్న చొక్కా అంచులోంచి ముడతలతో, గోళ్లతో, వెలుగునీడలతో నిండైన చెయ్యి పైకి లేస్తుంది కనుక, బొమ్మ ఎక్కడ ముగిసి ప్రాణం ఎక్కడ మొదలైందో కన్ను తేల్చుకోలేదు. ఆ కాగితాన్ని బిగించిన పిన్నులు కూడా బొమ్మలోవే కావడం ముచ్చటైన చమత్కారం.

స్టైన్‌బర్గ్‌కు ఈ హంగు అక్కర్లేదు. ఆయన చిత్రంలో నీడ లేదు, లోతు లేదు, ఉన్నదల్లా గీత.

ఎషర్ అభిమానులు ఒప్పుకోకపోవచ్చు గానీ, కళకూ జీవితానికీ ఉన్న బంధం విషయంలో నా మొగ్గు స్టైన్‌బర్గ్ వైపే. ఎషర్ చేతులకు ముఖం లేదు. అవి ఎవరివైనా కావచ్చు, వాటి వలయం పూర్తయి మూసుకుపోయింది. స్టైన్‌బర్గ్ మనిషి మాత్రం చెరపడానికి వీలులేని సిరాతో తన ఉనికినే నిర్మించుకుంటున్నాడు, కలం ఆపితే అతడే ఉండడు. అయితే వెలుగునీడల పనితనం నేర్వదలచిన విద్యార్థి ముందు ఎషర్ చిత్రాన్నే పెడతాను.