అమీర్‌పేటలో స్పోకెన్ ఇంగ్లీష్‌కి డబ్బు కట్టే ముందు ఇది చదవండి

అమీర్‌పేట మెట్రో దిగి మైత్రీవనం వైపు నడిస్తే స్పోకెన్ ఇంగ్లీష్ పాంప్లెట్లు చేతిలో పెట్టేవాళ్ళు అడుగడుగునా ఉంటారు. అలాంటి ఒక ఇన్‌స్టిట్యూట్‌లో 9,500 రూపాయలు కట్టి చేరాను. దాని పేరు రాయడం లేదు. మా కంపెనీలో ఇద్దరు దిల్‌సుఖ్‌నగర్‌లో వేరే బోర్డు చూసి చేరితే వాళ్ళ చేతికీ ఇదే జిరాక్స్ మెటీరియల్ వచ్చింది. కాబట్టి పేరు కన్నా వీళ్ళు చెప్పే పద్ధతి ఎలాంటిదో తెలిస్తేనే మీకు ఉపయోగం.

నేను జీడిమెట్లలో ఒక మందుల కంపెనీలో, క్వాలిటీ సెక్షన్‌లో పనిచేస్తాను. ల్యాబ్‌లో ఏదైనా తేడా వస్తే డీవియేషన్ రిపోర్ట్ రాయాలి. ఏది ముందు జరిగింది, ఏది తర్వాత, ఏది అప్పటికి ఇంకా జరగలేదు అన్నది క్రియను బట్టే తెలియాలి. "ద బ్యాలెన్స్ హ్యాడ్ నాట్ బీన్ క్యాలిబ్రేటెడ్ వెన్ ద శాంపిల్ వాజ్ వెయిడ్" అంటే, తూకం వేసే సమయానికి త్రాసుకు క్యాలిబ్రేషన్, అంటే అది సరిగ్గా తూస్తోందో లేదో చూసే పరీక్ష, జరగలేదని స్పష్టం. అదే విడివిడి వాక్యాలుగా రెండు చోట్లా "వాజ్" పెట్టి వదిలేస్తే ఆడిటర్ ఏది ముందని నిలదీస్తాడు. నాకు కావలసింది ఇదేనని కౌన్సెలర్‌కి ముందే చెప్పాను. "సార్, పన్నెండు టెన్స్‌లూ ఫుల్లుగా చెప్తాం. కోర్సు అయ్యేసరికి ఫ్లూయెంట్‌గా మాట్లాడతారు, గ్యారంటీ. ఈరోజు కడితేనే డిస్కౌంట్" అంది.

డెమో చెప్పిన సార్ నిజంగా బాగా చెప్పారు. "డిడ్ యూ వెంట్" ఎందుకు తప్పో ఒక్క మాటలో తేల్చేశారు. గతకాలం సంగతి "డిడ్" చెప్పేసింది కాబట్టి "గో" మారాల్సిన పని లేదు, "డిడ్ యూ గో" అంటే చాలు అన్నారు. హాలంతా తలలూపింది. ఫీజు కట్టాక ఆయన మళ్ళీ కనిపిస్తే ఒట్టు. అడిగితే "ఆ సార్ డెమోలే తీసుకుంటారు" అన్నారు. మాకు వచ్చింది ఒక కొత్త కుర్రాడు. అతన్ని తప్పుపట్టను, మెటీరియల్ చదివి వినిపించమన్నారు, వినిపించాడు. కుర్చీలు చాలక వెనక నిలబడేంత మంది ఉంటే ఒక్కొక్కరి చేత మాట్లాడించడం ఎవరి వల్లా కాదు.

అసలు నష్టం మెటీరియల్‌తోనే. ఒక పేజీలో పన్నెండు గళ్ళు, ప్రతి గడిలో ఇంగ్లీష్ వాక్యం, పక్కన తెలుగు. "ఐ హ్యావ్ ఈటెన్" పక్కన "నేను తినియున్నాను". "ఐ హ్యాడ్ ఈటెన్" పక్కన "నేను తినియుంటిని". ఇలాంటి తెలుగు ఎవరి నోటా రాదు. "అన్నం తిన్నావా" అని అడిగినా, "నిన్న రాత్రి తిన్నావా" అని అడిగినా మన జవాబు "తిన్నాను" అనే. ఇంగ్లీష్‌లో ఇక్కడే దారి రెండుగా చీలుతుంది. ఎప్పుడు అన్నది చెప్పకుండా, ఇప్పటికి అయిపోయిందని చెప్పాలంటే "హ్యావ్ ఈటెన్". నిన్న, పోయిన వారం, 2019లో అంటూ గడిచిపోయిన సమయం చెప్పారంటే "ఏట్" ఒక్కటే. ఇంటర్వ్యూల్లో మనవాళ్ళు "ఐ హ్యావ్ కంప్లీటెడ్ మై డిగ్రీ ఇన్ 2019" అనడం ఈ తేడా తెలియకే. అక్కడ "ఐ కంప్లీటెడ్" అనాలి. ఈ సంగతి చెప్పడానికి పావుగంట చాలు. ఆ మెటీరియల్‌లో ఎక్కడా లేదు. నేను అడిగితే "ముందు ఫార్ములా బట్టీ పట్టండి సార్, అర్థం దానంతటదే వస్తుంది" అన్న జవాబు వచ్చింది.

ఇంకో పేజీలో వీ1, వీ2, వీ3 పట్టిక, అంటే గో, వెంట్, గాన్ లాగా ఒక్కో క్రియకు మూడు రూపాలు. అందులో హర్ట్‌కి "హర్టెడ్" అని, స్ప్రెడ్‌కి "స్ప్రెడెడ్" అని కొట్టారు. హర్ట్, స్ప్రెడ్, కట్, పుట్ మూడు గళ్ళలోనూ మారకుండా అలాగే ఉంటాయి. ఇది చిన్న విషయం అనుకోకండి. బీ, హ్యావ్, డూ, సే, గో, గెట్, మేక్, నో, థింక్, టేక్, ఇవి లేకుండా ఇంగ్లీష్‌లో పూట గడవదు. వీటిలో ఒక్కటి కూడా చివర "ఈడీ" తగిలించే రూలుకు లొంగదు. అంటే పట్టిక తప్పయితే, ఎక్కువగా వాడే మాటలే తప్పుగా నోట్లో పడతాయి. ఒక్క "బీ"కే ఎనిమిది రూపాలు: బీ, యామ్, ఈజ్, ఆర్, వాజ్, వర్, బీయింగ్, బీన్. ఆ పట్టికలో "బీ" అన్న వరుసే లేదు.

ఉచ్చారణ సంగతి ఇంకా బాధ కలిగించింది. "వర్కెడ్, హెల్పెడ్, వాషెడ్" అని హాలంతా గట్టిగా అనిపించారు. "ఈడీ"ని మూడు రకాలుగా పలుకుతారు. క్, ప్, స్, ష్, చ్, ఫ్ శబ్దాలతో ముగిసే క్రియలకు "ట్" వస్తుంది: వర్క్‌ట్, హెల్ప్‌ట్, వాష్‌ట్. అచ్చుతో గానీ, గ్, బ్, న్, ల్ లాంటి శబ్దాలతో గానీ ముగిస్తే "డ్": ప్లేడ్, ఓపెన్‌డ్, కాల్‌డ్. "ఇడ్" అని విడిగా పలికేది ట్, డ్‌తో ముగిసే వాటికే: వాంటిడ్, నీడిడ్. మన లిపిలో రాసుకుంటే ఇంత తేలిగ్గా పట్టుబడే విషయం ఇది. తప్పు ఒకసారి నాలుకకు అలవాటైతే దిద్దుకోవడానికి ఎంత కష్టపడాలో కాల్ సెంటర్లలో పనిచేసేవాళ్ళని అడగండి.

నా పక్కన కూర్చునే అమ్మాయి ఖమ్మం వైపు నుంచి వచ్చి బల్కంపేట హాస్టల్‌లో ఉంటోంది. ఉద్యోగం కోసం ఇంట్లోవాళ్ళు అప్పు చేసి పంపారు. ఆ గళ్ళలో "ఐ యామ్ నోయింగ్ ఇంగ్లీష్" అని ఉంటే బట్టీ పట్టి, ఇంటర్వ్యూలో "ఐ యామ్ నోయింగ్ ఎక్సెల్" అంది. అవతలివాళ్ళు నవ్వారట. "అన్నా, షీట్‌లో ఉన్నట్టే చెప్పాను కదా" అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. తెలియడం, కలిగి ఉండడం, చెందడం లాంటివి జరుగుతూ కనిపించే పనులు కావు కాబట్టి వాటికి "ఇంగ్" పెట్టరని, "ఐ నో", "ఐ హ్యావ్ టూ బ్రదర్స్" అనాలని ఆ పిల్లకు ఎవరూ చెప్పలేదు. "ఐ యామ్ హ్యావింగ్ లంచ్" మాత్రం సరే, అక్కడ "హ్యావ్" అంటే తినడం. నేను ఇంత పొడుగ్గా రాయడానికి కారణం ఆ పిల్లే.

సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లీష్ పేరుతో 1958లో మొదలైన సంస్థే తార్నాక దగ్గరి ఇఫ్లూ (ఇంగ్లీష్ అండ్ ఫారిన్ లాంగ్వేజెస్ యూనివర్సిటీ). ఇంగ్లీష్ ఎలా చెప్పాలో టీచర్లకు నేర్పే చోటు ఇన్నేళ్ళుగా ఉన్న ఊళ్ళో పిల్లలకు ఇలాంటి కాగితాలు అమ్మడం అన్యాయం.

ఎక్కడ చేరినా డబ్బు కట్టకముందే మెటీరియల్ చూపించమనండి. అందులో "తినియుంటిని" తెలుగు కనిపిస్తే లేచి వచ్చేయండి. డెమోలో ఈ ప్రశ్న అడగండి: "రోజూ ఆఫీసుకు వెళ్తాను", "రేపు ఆఫీసుకు వెళ్తాను", తెలుగులో రెండింటికీ క్రియ ఒకటే, మరి ఇంగ్లీష్‌లో? రోజూ అయితే "ఐ గో" అని, రేపటికి క్రియలో ప్రత్యేక రూపం లేదు కాబట్టి "విల్ గో", "యామ్ గోయింగ్", "గోయింగ్ టు గో" సందర్భాన్ని బట్టి వస్తాయని వివరిస్తే ఆ మనిషికి విషయం తెలిసినట్టే. ఆయనే కోర్సంతా చెప్తారా అని కూడా అడిగి, ఆ మాట రశీదు మీద రాయించుకోండి. పట్టిక మాత్రమే కావాలంటే డబ్బు దండగ. ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్ లెర్నర్స్ డిక్షనరీలు ఆన్‌లైన్‌లో ఉచితం. ప్రతి క్రియకూ రూపాలు, ఉదాహరణలు ఇస్తాయి, పలికి కూడా వినిపిస్తాయి. పుస్తకం చేతిలో ఉండాలంటే ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత గ్రామర్ పుస్తకాలు చవగ్గా దొరుకుతాయి.

డబ్బు కట్టేసినవాళ్ళకు ఇంకో మాట. రశీదు మీద "నాన్ రిఫండబుల్" అని ఉందని ఊరుకోకండి. ముందు ఇన్‌స్టిట్యూట్‌కి ఈమెయిల్ పంపండి, నోటిమాట పనికిరాదు. తర్వాత నేషనల్ కన్స్యూమర్ హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి. నేను చేశాక ఇన్‌స్టిట్యూట్ వాళ్ళే పిలిచి సగం వెనక్కి ఇచ్చారు, మిగతా సగం కోసం జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్తున్నాను. చదువు చెప్పేవాళ్ళం, వినియోగదారుల చట్టం మాకు వర్తించదని బెదిరిస్తారు. కోచింగ్ సెంటర్లు ఆ చట్టం కిందికి వస్తాయని జాతీయ వినియోగదారుల కమిషన్ 2020లోనే చెప్పింది. 2019 చట్టం ప్రకారం మీరు ఉండే జిల్లాలోనే ఫిర్యాదు వేయొచ్చు, ఖమ్మం వాళ్ళు ఖమ్మంలోనే. కట్టిన మొత్తం 5 లక్షల లోపయితే ఫిర్యాదుకు ఫీజు లేదు, గడువు రెండేళ్ళు. "గ్యారంటీ" అని ఉన్న పాంప్లెట్ పారేయకండి. కోచింగ్ ప్రకటనల్లో అలాంటి హామీలు ఇవ్వకూడదని 2024 నవంబరులో కేంద్రం మార్గదర్శకాలు తెచ్చింది.

"నో కాస్ట్ ఈఎంఐ" అని పాన్, ఆధార్, ఓటీపీ తీసుకున్నారంటే అది ఇన్‌స్టిట్యూట్ ఇచ్చే వాయిదా అనుకోవద్దు, ఫైనాన్స్ కంపెనీ దగ్గర మీ పేరు మీద తీసిన అప్పు. క్లాసు మానేసినా అది నడుస్తూనే ఉంటుంది. ఇలా చేరినవాళ్ళు కోపంలో ఈఎంఐ ఆపేయకండి, సిబిల్ స్కోర్ దెబ్బతింటుంది. ఫైనాన్స్ కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి, దాని నంబరు, లోన్ అగ్రిమెంట్ కాపీ దగ్గర పెట్టుకున్నాకే తర్వాతి అడుగు వేయండి.