లిబ్రెఆఫీస్ రైటర్‌లో హెడర్, ఫుటర్ స్టైల్స్: పని గట్టిది, తంటా ట్యాబ్‌ల దగ్గర

రెండు పేజీల ఉత్తరానికి హెడర్ (ప్రతి పేజీ పైన వచ్చే వరుస; కింద వచ్చేది ఫుటర్) ఎలా పెట్టినా గడిచిపోతుంది. నూటయాభై పేజీల రిపోర్టుకు అలా కుదరదు. లిబ్రెఆఫీస్‌లో పత్రాలు రాసుకునే ప్రోగ్రామ్ రైటర్. దాని బలం తెలిసేది అలాంటి పత్రాల్లోనే.

ముందు ఒక ముడి విప్పుకోవాలి. స్టైల్ అంటే ఒక పేరు కింద దాచిన అమరికల కట్ట. హెడర్ ఉండాలా వద్దా అన్నది పేజీ స్టైల్ చూసుకుంటుంది. అందులోని అక్షరాలు ఎలా కనబడాలన్నది పేరాగ్రాఫ్ స్టైల్ పని. కొత్తవాళ్లు తికమకపడేది ఇక్కడే. ఫార్మాట్ మెనూలో పేజ్ స్టైల్ తెరిచి, హెడర్ ట్యాబ్‌లో 'హెడర్ ఆన్'కు టిక్ పెడితే చోటు వస్తుంది. అక్కడ టైపు చేసినదానికి 'హెడర్' అనే పేరాగ్రాఫ్ స్టైల్ దానంతటదే పడుతుంది. ఇక ఫాంట్ అయినా, సైజు అయినా, కింద గీత అయినా ఆ స్టైల్‌లోనే మార్చాలి: ఎఫ్11 నొక్కి, జాబితాలో దానిమీద రైట్ క్లిక్ చేసి, ఎడిట్ స్టైల్.

నేరుగా సెలెక్ట్ చేసి బోల్డ్ కొడితే ఏం పోయింది అంటారా? ముందుమాటకు, అధ్యాయాలకు, అనుబంధాలకు మూడు పేజీ స్టైల్స్ ఉన్నాయనుకోండి. ఎడమ, కుడి పేజీలకు వేర్వేరు హెడర్లు కావాలని 'సేమ్ కంటెంట్' టిక్ తీసేస్తే మొత్తం ఆరు హెడర్లు. చేత్తో దిద్దితే ఆరుచోట్లా దిద్దాలి, ఎక్కడో ఒకటి మిగిలిపోతుంది. స్టైల్‌లో అయితే ఒక్కసారే. ఫుటర్‌కూ అదే ఫాంట్ కావాలంటే రెండింటికీ పైనున్న 'హెడర్ అండ్ ఫుటర్' స్టైల్‌లో మార్చితే చాలు. ఇదివరకే చేత్తో దిద్దిన వరుసలు మాత్రం మొండికేస్తాయి. వాటిని సెలెక్ట్ చేసి ఫార్మాట్ మెనూలో 'క్లియర్ డైరెక్ట్ ఫార్మాటింగ్' నొక్కాలి.

ఇక ట్యాబ్‌లు, అంటే ట్యాబ్ కీ నొక్కితే కర్సర్ వెళ్లి ఆగే చోట్లు. ఏ4 పత్రంలో 'హెడర్' స్టైల్‌కు 8.5 సెం.మీ. దగ్గర మధ్య ట్యాబ్, 17 దగ్గర కుడి ట్యాబ్ ముందే ఉంటాయి. పక్క మార్జిన్లు చెరో 2 సెం.మీ. ఉన్నంతకాలం లెక్క సరిగ్గా కుదురుతుంది. బైండింగ్ కోసం ఎడమ మార్జిన్‌ను 3.5 చేశారో, రాత వెడల్పు 15.5కు తగ్గుతుంది, ట్యాబ్‌లు మాత్రం ఉన్నచోటే ఉంటాయి. మధ్యలో ఉండాల్సిన పేరు ముప్పావు సెంటీమీటరు కుడికి జరుగుతుంది, పేజీ నంబరు అంచుకు కుదరదు. స్పేస్ బార్‌తో సర్దకండి. స్టైల్‌లోని ట్యాబ్స్ పేజీలో పాతవి తీసేసి 7.75, 15.5 పెట్టండి. వర్డ్‌లోని అలైన్‌మెంట్ ట్యాబ్ మార్జిన్‌ను పట్టుకుని తానే జరుగుతుంది. ఈ విషయంలో రైటర్ వెనకబడే ఉంది.

తెలుగు హెడర్లకు ఇంకో రెండు జాగ్రత్తలు. స్టైల్‌లో ఫాంట్ రెండు చోట్ల ఉంటుంది, ఒకటి ఇంగ్లీషులాంటి లిపులకు (వెస్టర్న్), ఇంకొకటి కాంప్లెక్స్ టెక్స్ట్ లేఅవుట్ కింద. తెలుగు అక్షరాలు వినేది ఈ కాంప్లెక్స్ కింద ఉన్నదాని మాట. సైజు 10కి తగ్గించినా అక్షరం కదల్లేదంటే మార్చింది వెస్టర్న్ కింద ఉన్నదాన్నన్నమాట. అసలు ఆ భాగమే కనబడకపోతే టూల్స్, ఆప్షన్స్‌లోని భాషల పేజీలో దానికి టిక్ పెట్టాలి. రెండోది, వరుసల ఎడం 'ఫిక్స్‌డ్' పెట్టకండి. 'రాష్ట్రం' లాంటి మాటలో ష కింద వేలాడే వత్తులు రెండూ తెగిపోవచ్చు. 'సింగిల్' గానీ 'ఎట్ లీస్ట్' గానీ క్షేమం. హెడర్ ట్యాబ్‌లో 'ఆటోఫిట్ హైట్' టిక్ కూడా తీయొద్దు.

అధ్యాయం పేరు హెడర్‌లోకి దానంతటదే రావడం బాగా పనిచేస్తుంది. ఇన్సర్ట్, ఫీల్డ్, మోర్ ఫీల్డ్స్‌లో డాక్యుమెంట్ ట్యాబ్‌కు వెళ్లి 'చాప్టర్' (కొత్త వెర్షన్లలో 'హెడింగ్') ఎంచుకుని లెవెల్ 1 ఇవ్వాలి. శీర్షికలు 'హెడింగ్ 1' స్టైల్‌లో ఉంటేనే సుమా. పెద్ద అక్షరాలు, బోల్డ్ పెట్టి శీర్షికలా కనిపించేట్టు చేసినదాన్ని రైటర్ శీర్షికగా లెక్కపెట్టదు, హెడర్ ఖాళీగా మిగులుతుంది.

ఫైలును డాక్స్‌గా (వర్డ్ ఫైలుగా) ఇవ్వాల్సివస్తే పేజీ స్టైల్స్ వర్డ్‌లో సెక్షన్లుగా మారతాయి. అందుకని పంపేముందు ప్రతి సెక్షన్ మొదటి పేజీ హెడర్‌నూ ఒకసారి తెరిచి చూడాలి.