గుంటూరు దగ్గర 200 గజాల ప్లాటా, 60 సెంట్ల చేనా?

ఈ ఏడాది మా ఇంట్లో జరిగిన చర్చ ఇదే. ఇప్పుడు తెలిసినవాళ్లు ఎవరు ఎదురైనా ఇదే అడుగుతున్నారు. మా చేతిలో ఉన్నది 42 లక్షలు. హైవే వైపు వెంచర్లో గజం 21 వేలు చెప్పారు, అంటే 200 గజాలు వస్తాయి. అదే డబ్బుకు ప్రత్తిపాడు వైపు సెంటు 70 వేల చొప్పున 60 సెంట్ల మిర్చి చేను వస్తుంది.

ముందు రెండు ధరల్నీ గజాల్లోకి తెచ్చుకోవాలి. సెంటంటే 48.4 గజాలు, ఎకరా 4,840. ఆ లెక్కన చేను గజం దాదాపు 1,446 రూపాయలు పడింది. ప్లాటు ధర దీనికి పద్నాలుగు రెట్లకు పైనే. అలాగని చేను కారుచౌక అనుకోకూడదు. పొలాన్ని ప్లాట్లు చేస్తే రోడ్లకు, ఖాళీ స్థలానికి పోను మిగిలేదే అమ్మకానికి వస్తుంది. అమరావతి భూసమీకరణలో ఎకరా మెట్ట ఇచ్చిన రైతుకు తిరిగి ఇస్తామన్నది 1,000 గజాల ఇంటి స్థలం, 250 గజాల వాణిజ్య స్థలం. నీటి వసతి ఉన్న జరీబు భూమికైతే వాణిజ్య స్థలం 450 గజాలు.

రెండు మూడేళ్లలో ఇల్లు కట్టుకునేవాళ్లు ప్లాటే తీసుకోండి. మంజూరైన లేఅవుటా కాదా తప్పకుండా చూసుకోండి. అపార్టుమెంటు సంగతి వేరు, అందులో మన వాటాకు వచ్చే నేల చాలాచోట్ల సెంటు కూడా ఉండదు.

మేం ఇప్పట్లో ఇల్లు కట్టం. అందుకే చేను వైపు మొగ్గాం. ఇక్కడ నా దృష్టిలో ధర కన్నా, మట్టి కన్నా ముఖ్యమైనది దారి. అదే ఊళ్లో లోపలి చేను సెంటు 55 వేలకే ఇస్తామన్నారు. 60 సెంట్లకు 9 లక్షలు తేడా! మా బావగారికి అదే నచ్చింది. వెళ్లి చూస్తే పక్క రైతు గట్టు మీదుగా నడిచి వెళ్లాలి. "ఇన్నేళ్లూ ఎవరూ అడ్డం చెప్పలేదండీ" అన్నారు అమ్మేవాళ్లు. ఆ రైతు రేపు చేను అమ్మేస్తే, కొన్నవాళ్లు ట్రాక్టరు పోనిస్తారా? దారి హక్కు దస్తావేజులో రాసి ఇమ్మంటే అమ్మేవాళ్లు మాట దాటేశారు.

మేం తీసుకున్నది డొంక (ఊరుమ్మడి బండి దారి) పక్క చేను. దాన్ని కూడా కళ్లు మూసుకుని కొనలేదు. పాత పటంలో డొంక వెడల్పు 50 లింకులని ఉంది. సర్వే గొలుసు 66 అడుగులు, అందులో 100 లింకులు, కాబట్టి 50 లింకులంటే 33 అడుగులు. సర్వేయరు టేపు పట్టి కొలిస్తే నేల మీద 18 అడుగులే తేలింది. మిగతా 15 అడుగులూ ఎదుటి చేలో కలిసిపోయి మిర్చి మొక్కలతో పచ్చగా ఉంది. అయినా పటంలో డొంక అని ఉంది కాబట్టి అడగడానికి మనకో ఆధారం ఉంది. అడ్వాన్సు ఇవ్వకముందే ఎదుటి రైతును పిలిచి, ఆయన ముందే మళ్లీ కొలిపించాం. ఈ కోత అయ్యాక వదిలేస్తానన్నాడు. సర్వేయరు చూపిన చోట ఆయన చేతనే రాయి పాతించాం.