పాత రికార్డులు కొంటున్నారా? బరంపురం, పర్లాకిమిడి, రాయగడ వాళ్ళు డబ్బు పంపేముందు ఇది చదవండి

ఒడిశాలో మన వైపు వాట్సాప్, ఫేస్‌బుక్ గ్రూపుల్లో పాత తెలుగు రికార్డులు అమ్ముతానంటూ ఒకతను తిరుగుతున్నాడు. అట్టల ఫోటోలు చాలా అందంగా తీస్తాడు. మొత్తం డబ్బు ముందే ఫోన్‌పే చేయమంటాడు. దయచేసి రికార్డు రెండు పక్కలా చూడకుండా, పాట వినకుండా ఒక్క రూపాయి కూడా పంపకండి. నా 4,500 రూపాయలు పోయాయి. ఇప్పటికీ అతను రోజూ కొత్త ఫోటోలు పెడుతూనే ఉన్నాడు కాబట్టి ఇదంతా రాస్తున్నాను.

నేను ఘంటసాల గారి భగవద్గీత రికార్డు కొన్నది ముఖ్యంగా అమ్మ కోసం. 2013 అక్టోబరులో ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటిన రాత్రి మా ఇంటి రేకులు లేచిపోయి, నాన్న రికార్డుల పెట్టె మీద గోడ కూలింది. అందులో ఆ భగవద్గీత ఎల్పీ, అంటే ఎక్కువసేపు ఆడే వినైల్ ప్లాస్టిక్ రికార్డు, ఉండేది. వదిన ఒడియా వాళ్ళమ్మాయి కాబట్టి ఆవిడ కోసం నాన్న కొన్న ఒడియా గాయకుడు అక్షయ మొహంతి రికార్డులూ అందులోనే ఉండేవి. ఆదివారం పొద్దున్న నాన్న రికార్డు అంచులు మాత్రమే పట్టుకుని, మెత్తటి గుడ్డతో తుడిచి, ముల్లు దించేవారు. ఎల్పీ ఒక పక్క ఇరవై నిమిషాలకు పైగా వస్తుంది. మొదటి పక్క అయ్యేసరికి అమ్మ అన్నం వార్చాలి, నాన్న రికార్డు తిరగేసే లోపు మేము పీటలు వేయాలి. అదే శ్లోకాలు ఇప్పుడు ఫోన్‌లో పెడితే అమ్మ వింటుంది, కానీ వంటింట్లోంచి బయటకు రాదు. పాట కోసం ఇంటిల్లిపాదీ ఒకచోట కూర్చోవడం ఆ నల్ల పళ్ళేలతోనే పోయిందని నాకు గట్టిగా అనిపిస్తుంది. ఇలా అనుకునేవాళ్ళు చాలామంది ఉన్నారని ఈ అమ్మేవాళ్ళకి బాగా తెలుసు.

పార్సెల్ వచ్చింది. అట్ట అసలైనదే. లోపల రికార్డు మిలమిలా మెరుస్తోంది, పట్టుకుంటే చేతికి జిడ్డు. గీతలు కనపడకుండా నూనె లాంటిదేదో పూశారు. సబ్బు నీళ్ళతో మెల్లగా కడిగి ఆరబెడితే అసలు రంగు బయటపడింది. బాగున్న వినైల్ రికార్డు నల్లగా నిగనిగలాడుతుంది. బరువైన ముల్లు కింద నలిగినదైతే గాళ్ళు, అంటే ముల్లు నడిచే సన్నటి చాళ్ళు, బూడిద రంగుకి తిరుగుతాయి. ప్లేయర్ మీద వేస్తే ఘంటసాల గారి గొంతు వెనక నూనెలో ఆవాలు వేసినట్టు ఒకటే చిటపట. గొంతు హెచ్చిన ప్రతిచోటా బొంగురు. లేబుల్ మీద అతికించిన కాగితం తీస్తే కింద మైకు సెట్టు షాపు రబ్బరు స్టాంపు!

మైకు సెట్లవాళ్ళంటే నాకు గౌరవమే. పెళ్ళిళ్ళకి, ఠాకురాణి అమ్మవారి యాత్రకి ఊరంతటికీ పాటలు వినిపించింది వాళ్ళే. కానీ వందలసార్లు ఆడి అరిగిన రికార్డుని ‘ఇంట్లో వాడినది, గీత కూడా లేదు’ అని అమ్మడం పచ్చి మోసం. వెనక్కి తీసుకోమంటే ‘పాత వస్తువు అలాగే ఉంటుంది’ అన్నాడు. తర్వాత నా నంబరు బ్లాక్ చేశాడు.

ఇంకో దారుణం. ఇత్తడి బూరా, కుక్క బొమ్మ పలక తగిలించిన కీ ఇచ్చే గ్రామఫోన్‌ని ఎల్పీలతో కలిపి ‘కాంబో’గా అమ్ముతున్నాడు. దాని మీద ఎల్పీ పెట్టి చూపిస్తున్న వీడియో ఒకటి మొన్ననే ఎవరో నాకు పంపారు. చూసి గుండె తరుక్కుపోయింది. ఆ యంత్రాలు నిమిషానికి 78 చుట్లు తిరిగే లక్క రికార్డుల కోసం పుట్టినవి. 1948లో వచ్చిన ఎల్పీ 33 చుట్ల పైచిలుకు తిరగాలి. పైగా ఆ గ్రామఫోన్ సౌండ్ బాక్సు, ఉక్కు ముల్లు కలిపి వంద గ్రాములకు పైగా బరువు మోపుతాయి. మంచి ఎల్పీ ప్లేయర్ ముల్లు మోపేది రెండు గ్రాముల చిల్లర. ఆ గ్రామఫోన్ మీద ఎల్పీ ఒక్కసారి ఆడితే చాలు, గాడి చెక్కుకుపోతుంది. మళ్ళీ బాగుపడదు. ఆ బూరా పెట్టెలు కూడా చాలావరకు ఈమధ్య ముక్కలు కూర్చి చేసినవే, పురాతనమైనవని నమ్మకండి.

కొనేటప్పుడు రికార్డుని పక్కవాటుగా వెలుతురులో పెట్టి, రెండు పక్కలా వీడియో తీసి పంపమనండి. ముల్లు దించడం దగ్గర్నుంచి పాట వినపడేదాకా కట్ లేకుండా ఉండాలి. లోపల చివరి గాడికీ లేబుల్‌కీ మధ్య చెక్కి ఉండే నంబరు చూపించమనండి. లేబుల్ మీది నంబరుతో అది సరిపోకపోతే గట్టిగా అడగండి. పంపనంటే వదిలేయండి. రికార్డులు మళ్ళీ దొరుకుతాయి. 1936 దాకా మన గంజాం మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉండేది కాబట్టి మన పాత ఇళ్ళ అటకల మీద తెలుగు పద్యాల ప్లేట్లు ఇంకా ఉన్నాయి. చుట్టాల్ని అడగడం మేలు. అలా దొరికిన 78 రికార్డుల్ని మాత్రం స్పిరిట్‌తో తుడవకండి. వాటిలో ఉండేది లక్క, స్పిరిట్‌కి కరిగిపోతుంది.

ఇప్పటికే డబ్బు పోయినవాళ్ళు చాటింగ్, చెల్లింపు రసీదు, పార్సెల్ విప్పిన వీడియో దాచుకోండి. వస్తువే రాకుండా మోసపోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి, నాసిరకం వస్తువు వస్తే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం అమ్మినవాడు ఎక్కడున్నా, మనం ఉండే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు వేయొచ్చు. నేను వేస్తున్నాను. ఇదే మనిషి దగ్గర నష్టపోయినవాళ్ళు బరంపురంలో ఇంకా ఉంటే నాకు మెసేజ్ పెట్టండి, రసీదులు కలిపి ఇద్దాం.