గ్రానైట్ ఎడారి మట్టి, మన కొండ ఎర్రమట్టి

కైలాసగిరి వాలులో పిడికెడు మట్టి తీసి తడపండి, చేతికి ఎర్రగా అంటుకుంటుంది. విశాఖ కొండల్లోది ఖోండలైట్ రాయి. ఏళ్ల తరబడి వానకు నాని, అందులోని ఇనుము తుప్పు పట్టి ఆ రంగు వచ్చింది. కొంత బంక కూడా చేరింది.

అమెరికాలోని మొహావీ ఎడారిలో గ్రానైట్ మీది మట్టి వేరు. అక్కడ చాలాచోట్ల ఏడాదికి 250 మిల్లీమీటర్ల వాన కూడా పడదు. రాయి కుళ్లడం తక్కువ, పలుకులుగా రాలడమే ఎక్కువ. గ్రానైట్‌లో ఉండే క్వార్ట్జ్, ఫెల్డ్‌స్పార్ ఖనిజాల గింజలు కళ్లుప్పులా గరగరలాడుతూ వేళ్ల సందుల్లోంచి జారిపోతాయి. గడ్డపార వేస్తే రెండడుగుల్లోపే ఠంగుమంటుంది. చెంబుడు నీళ్లు పోస్తే చటుక్కున ఇంకుతాయి గానీ, పట్టి ఉంచే బంక లేదు. ఆకు రాలేదీ తక్కువే, ఇక సారమెక్కడిది?

జీడిమామిడి పెట్టాలంటే నా ఓటు మనదానికే. కాకపోతే గట్టి వాన పడితే మన ఎర్రమట్టి కోసుకుపోయి రోడ్డు మీదికొస్తుంది.