సహజ రంగుల అద్దకం: పెడన వెళ్లాలా, శ్రీకాళహస్తి వెళ్లాలా?

రెండు చోట్లా కలంకారీయే. కానీ పెడనలో చూడాల్సింది బట్టను రంగులో ఉడికించడం, శ్రీకాళహస్తిలో చూడాల్సింది పూల పసుపు. ఒక్కటే చూసే తీరిక ఉంటే మా ఓటు శ్రీకాళహస్తికే.

పెడన మచిలీపట్నానికి 10 కిలోమీటర్లు. బసకు మచిలీపట్నమే నయం. ఇక్కడ అచ్చుల పని: కరక్కాయ పట్టించిన బట్టమీద పటిక జిగురు అచ్చువేసి, కాలువలో జాడించి, రాగి గాబులో ఉడికిస్తారు. పటిక పడ్డచోటే ఎరుపు నిలుస్తుంది. ఆ ఎరుపు చాలాచోట్ల ఇప్పుడు అలిజరిన్ అనే రసాయన పొడిదే, అడిగి తెలుసుకోండి. వేసవిలో డెల్టా కాలువలు కట్టేస్తారు కాబట్టి డిసెంబరు, ఫిబ్రవరి మధ్య వెళ్లాలి.

శ్రీకాళహస్తిలో అంతా కలం పనే. ముందు బట్టను కరక్కాయ పొడి కలిపిన గేదె పాలలో తడిపి ఆరేస్తారు. పాలు పలచనైతే గీత పక్కకు పాకుతుంది. తుప్పు ఇనుము బెల్లం నీళ్లలో రెండు మూడు వారాలు పులిస్తే నలుపుకు వాడే కసిమి తయారు. కలంలో వెలిసినట్టుండే ఆ నీళ్లు కరక్కాయ బట్టకు తగలగానే నల్లబడతాయి. అది దగ్గర కూర్చుని చూడాలి! పసుపుకైతే ఎండిన కరక పువ్వును చిక్కగా మరగబెట్టి, వడగట్టి, పటిక కలుపుతారు. మోదుగ పువ్వు నారింజ కళ్లు చెదిరేలా ఉంటుంది గానీ ఎండకు తొందరగా వెలుస్తుంది.

శిక్షణకు డబ్బు కట్టేముందు ఒకటే అడగండి: రంగు మాచేత కాయిస్తారా, కాచింది ఇస్తారా? కాచినదిచ్చి బొమ్మ దిద్దించి పంపేదైతే దండగ. ఇంట్లో చేసుకోవాలంటే 100 గ్రాముల నూలు బట్టకు కరక్కాయ పొడి 20 గ్రాములు, పటిక 15, తాజా బంతి రేకులు 200. ముందు కరక్కాయ, తర్వాత పటిక, ఆఖర్న రేకుల నీళ్లలో గంటసేపు, తెర్లకుండా సన్నసెగన. ఇనుప గిన్నె వాడితే పసుపు కాస్తా పాచిరంగుకు తిరుగుతుంది. స్టీలుదే వాడాలి.

శ్రీకాళహస్తిలో బస దగ్గరే చిక్కు. దేవస్థానం గదులు, లాడ్జీలు ఉన్నా రాహుకేతు పూజల రద్దీ తగ్గదు, శివరాత్రి ముందూ వెనకా గది దొరకడం కష్టం. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలు, బట్ట ఆరదు. కాబట్టి జనవరి మంచిది. తిరుపతిలో దిగి బస్సులో వచ్చిపోవచ్చు, 40 కిలోమీటర్ల లోపే.

కొనేటప్పుడు నలుపుమీద అంచులో ఒక చుక్క నిమ్మరసం వేయనిమ్మనండి. కసిమి నలుపైతే వెలుస్తుంది, రసాయన నలుపు చెక్కుచెదరదు. దుకాణదారు ఒప్పుకోకపోతే సహజ రంగు ధర ఇవ్వొద్దు. ఉతకడానికి కుంకుడు రసం, ఆరేయడానికి నీడ.